కంట్లో బుడగ

చేయవలసిన పనులు ఇవి. అమ్మ ముఖం పొద్దస్తమానం నేలవైపే ఉండేటట్టు చూడాలి. అన్నం కూడా తల వంచుకునే తినాలి. వేళకు చుక్కలు వేయాలి. షుగరు చూడాలి. దగ్గు రానీయొద్దు, ఏడవనీయొద్దు, కోపం తెప్పించొద్దు. ఇవన్నీ డాక్టరు చెప్పినవి. చెప్పనిది ఒకటుంది. గడప దగ్గర నిలబడిన మనిషి ఎవరో అమ్మకు తెలియనీయకూడదు.

ప్రశాంతి చేతిలో చుక్కల సీసాతో అలాగే నిలబడిపోయింది. గడప అవతల ఇష్రత్. అన్న ఎడ్విన్ చేసుకున్న పిల్ల. నిండు చూలాలు. ప్రొద్దుటూరు బస్సు దిగి, ఎండలో నడిచి వచ్చినట్టుంది, చున్నీతో చెమట తుడుచుకుంటోంది.

"యాడికొచ్చినావు వదినా?" గొంతు తగ్గించి అడిగింది ప్రశాంతి.

"చూసి పోతా. మాట్లాడను."

"నువ్వని తెలిసి దిగ్గున లేసిందనుకో, కన్ను పోతాది!"

"నా కంట్లో చూపుండగా ఆ పిల్ల మొగం చూడను" అని ఎడ్విన్ పెండ్లినాడు నరసమ్మ అందరి ముందూ అనేసింది. ఆ పిల్లను చూడనూ లేదు, గొంతు విననూ లేదు. ఇంతలో షుగరు వచ్చి చూపు మీద పడింది. ఎడమ కన్ను ఆరిపోయింది. కుడి కంట్లో రక్తం చిమ్మి, లోపలి పొర ఊడింది. ఆపరేషన్ చేసి గాలి బుడగ పెట్టారు. తల వంచుకున్నంతసేపూ ఆ బుడగ తేలి పొరను అదిమి పట్టుకుంటుంది. ఎత్తితే మళ్లీ ఊడవచ్చు. ఇంకో కన్ను లేదు.

"ఎవరే? ప్రార్థనకొచ్చినారా? రమ్మను!" లోపలినుంచి నరసమ్మ కేక.

ఆమె నవారు మంచం మీద బోర్లా పడుకుని ఉంది. ముఖానికి చోటు కోసం నవారు పట్టీలు పక్కకు లాగి కట్టారు. ఎవరో కిటికీలోంచి చూసి, నరసమ్మ రాత్రింబగళ్లు తల వంచి ప్రార్థనలోనే ఉందని జమ్మలమడుగు చర్చి వీధంతా చాటారు. అప్పటినుంచి జనం ఆగలేదు. నిన్న పులివెందుల నుంచి రాజశేఖర్ అనే రైతు వచ్చాడు, చీనీ బత్తాయి తోట ఎండిపోతోందని, బోరులో నీళ్లు పడాలని.

"నా కంట్లో నీళ్లు నేను చూసుకోలేక సస్తాంటే, నీ బోరులో నీళ్లు కూడా నేనే చూడాల్నా అప్పా?" అంది నరసమ్మ. అంటూనే ప్రార్థన చేసి పంపింది.

ఇష్రత్ మంచం పక్కన నేల మీద మెల్లగా కూర్చుంది.

"నీకేం కావాలమ్మా?"

"కాన్పు... సుకంగా కావాలమ్మా."

"పేరేంది?"

ప్రశాంతి అడ్డుపడింది. "పేరు దేవునికి తెలుసు లేమ్మా!"

"నిన్నెవురడిగినారే మద్దెలో?" అని నరసమ్మ చెయ్యి కిందికి చాపింది. తల కోసం వెతుకుతున్న ఆ చేతిని ఇష్రత్ పట్టుకుని కడుపు మీద పెట్టుకుంది. లోపలి బిడ్డ ఒక్క తన్ను తన్నింది.

"అబ్బ, కాళ్లు శానా గట్టివి! మా ఎడ్విన్‌గాడూ ఇట్లనే తన్నేవాడు."

ఇష్రత్ పెదవి కొరుక్కుంది. నరసమ్మ ప్రార్థన చేసింది. ఆమేన్ అనగానే ప్రశాంతి కళ్లు తెరిచి కొయ్యబారిపోయింది. ఇష్రత్ దోసిలి పట్టిన రెండు చేతులనూ, తన పుట్టింటి అలవాటు ప్రకారం, ముఖం మీదుగా మెత్తగా తుడుచుకుంటోంది. నయం, అమ్మకు కనపడదు.

ఇష్రత్ మళ్లీ వచ్చింది. మళ్లీ మళ్లీ వచ్చింది. మధ్యాహ్నాలు ఇల్లంతా నీళ్ల అడుగున ఉన్నట్టుండేది. ఫ్యాను నీడ నేల మీద ఈదేది. మంచం కిందినుంచి అమ్మ గొంతు ఎక్కడో లోతులోంచి తేలి వచ్చేది.

"ఏమన్నా కనపడ్తాందామ్మా?" అని అడిగేది ప్రశాంతి.

"పెన్నలో మునిగి కండ్లు తెరిచినట్టుందే. పైన యాడో ఎండ కదుల్తాంది."

కొన్నాళ్లకు ఆ మాటా మానేసింది. "ఏం కనపడలే" అని ఊరుకునేది. ప్రశాంతి వంటింట్లోకి పోయి ఏడ్చేది. అమ్మకు మాత్రం వేరే ధ్యాస. "ఆ కాన్పు పిల్ల ఈ పొద్దు ఇంకా రాలేదేందే?"

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో డాక్టరు కంట్లోకి లైటు వేసి చూశాడు. "బుడగ కరిగింది. పొర గట్టిగా అంటుకుంది. తలెత్తమ్మా."

నరసమ్మ తలెత్తింది. గోడ మీది అక్షరాలను పెద్దవాటినుంచి చిన్నవాటిదాకా కూడబలుక్కుంటూ చదివింది. ప్రశాంతికి సంతోషం, వెంటనే దిగులు. ఇక వదిన రావడానికి వీల్లేదు.

బయట ఆటో ఎక్కగానే నరసమ్మ అంది, "మీ అన్నోళ్ల ఇల్లు యాడో చెప్పు ఆటోయప్పకు."

"అమ్మా?"

"బుడగ చిన్నదయ్యేకొద్దీ దాని చుట్టూ వెలుతురొచ్చిందే. దాంట్లో, నవారు సందులోంచి మొట్టమొదట కనపడింది రెండు చేతులు. ఆమేన్ అన్నాక మొగం మీదుగా దిగినాయి. మన చర్చిలో ఎవురు తుడుచుకుంటారే అట్ల? చేతులు దిగినాక మొగమూ కనపడింది. చూడనన్న మొగమే, మొదట చూసింది."

"అన్ని దినాలు ఏం కనపడలేదంటివి గదమ్మా! నేను ఏడ్సి సస్తాంటే!"

"చూపొచ్చిందంటే ఆ పిల్ల రాదు గదే."

ఆదివారం చర్చిలో నరసమ్మ లేచి నిలబడి, కోడలి కాన్పు కోసం ప్రార్థన చేయమని పేరు పెట్టి మరీ అడిగింది. చదివిన మీరు కూడా, మీరు తలవంచేది ఎవరి ముందైనా సరే, ఆమె కోడలు ఇష్రత్‌ను ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. ఇవాళో రేపో కాన్పు.