ఎర్రమట్టి వలయం

“ఆ పేరు చెరిపెయ్యవే,” అంది మెర్ల్ పెద్దమ్మ, ప్లాట్‌ఫారం గోడకు చేతికర్ర ఆనించి.

జనెల్ కుంచె ఆగిపోయింది. స్టేషన్‌ను కొత్తగా కడుతూ ఆ గోడ మీద బొమ్మ వేసే పని ఆమెకు అప్పగించారు. ఒకప్పుడు తెల్లవాళ్ళ సర్కారు ఇక్కడే రైలెక్కించి పట్టుకుపోయిన తమ ఆదివాసీ పిల్లలకోసం ఆ బొమ్మ. బతికున్నవాళ్ళకు పేరు రాస్తోంది. పోయినవాళ్ళ పేరు తలిస్తే వాళ్ళ ఆత్మకు నిద్ర ఉండదని తమలో ఎవరూ దాన్ని పలకరు, రాయరు; వాళ్ళకు ఎర్రమట్టితో వలయం గీస్తోంది.

“నువ్వేగా పోట్లాడి రాయించావ్! పట్టుకుపోయిన నీ చెల్లి నోలా ఎప్పటికైనా ఈ స్టేషన్లోనే దిగుతుంది, తన పేరు చూసుకుంటుందన్నావ్.”

“అన్నాన్లే.”

“అక్షరాలు వంకరపోయాయా ఏంటి? చెప్పు, దిద్దుతా.”

“అక్షరాలకేం, బాగానే ఉన్నాయి. నా చెల్లికి వలయం గియ్యి.”

జనెల్ తలెత్తి చూసింది. కంగారూ తోక కాలిస్తే నోలాకిష్టం అనేది పెద్దమ్మ. చలేస్తే, నోలా దుప్పటి కప్పుకుందో లేదో అనేది. డెబ్బై ఏళ్ళుగా ఆ పేరు పలకని రోజు లేదు.

“కబురొచ్చిందా, పెద్దమ్మా?”

“నిన్న ఉత్తరమొచ్చింది. నలభై ఏళ్ళ కిందటే పోయిందట.” పెద్దమ్మ గోడమీది ఆ పేరును అరచేత్తో కప్పేసింది. “పోయినదాన్ని రోజూ పేరు పెట్టి పిలిచానే. నలభై ఏళ్ళు దాన్ని పడుకోనివ్వలేదే నేను.”

జనెల్ గుడ్డ తడిపి, ఆ పేరును మనసులోనైనా చదవకుండా తుడిచింది.