దారి గుర్తులు

"ముందు కాసిని నీళ్లు తాగండి పెద్దాయనా," అంటూ లోవెల్ సీసా మూత తీసిచ్చాడు.

శిఖరం దిగుతూ దారి తప్పి, ఈ ఎండు లోయలో కూలబడ్డ ముసలాయన పేరు ఓరిన్. గడగడా తాగాడు.

"పొద్దున ఎక్కుతూ మలుపు మలుపుకీ రాళ్లు పేర్చుకున్నాను బాబూ. దిగుతుంటే ఒక్కటీ కనిపించలేదు."

లోవెల్ భార్య డారీ మొగుడి వంక చూసింది. బాటలేని నెవాడా కొండల్లో ఎవరైనా గుర్తులు పెడితే లోవెల్‌కి ఒళ్లుమంట. పొద్దున కనిపించిన ప్రతి కుప్పనీ బూటుతో తన్నుకుంటూ ఎక్కాడు. "దారి తెలియనివాళ్లు ఇంట్లో కూర్చోవాలి," అని నవ్వాడు కూడా.

"నాకు మతిమరుపు ముదిరిందని మా అమ్మాయి మొత్తుకుంటూనే ఉంది," అన్నాడు ఓరిన్. "నేనే ఒప్పుకోలేదు. అసలు రాళ్లు పెట్టనేలేదు కాబోలు. కారు తాళాలు కూడా ఇక దానికిచ్చేస్తా."

డారీ నోరు తెరవబోయింది. లోవెల్ చెయ్యెత్తి ఆపాడు.

"పెట్టారండీ. నేనే తన్నేశాను."

తిట్లకి సిద్ధపడి తల వంచుకున్నాడు. ఓరిన్ అతని చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు.

"నిజంగా పెట్టానా! ఈ మాట మా అమ్మాయితో కూడా చెప్తావా బాబూ?"