కళ్ళు తెరిపించే బటన్లు

“ఒకటి చాలమ్మాయ్. రెండోది తీసిపారెయ్,” అన్నాడు బంగార్రాజు, టీ గ్లాసు కంప్యూటరు మీద పెట్టబోయి, స్నేహలత చూపు చూసి కిటికీలో పెడుతూ.

“తీసేస్తే మళ్ళీ మీరే కావాలంటారండి.”

ఏలూరులో బంగార్రాజు ఫొటో స్టూడియోకి అంత పేరు రావడానికి కారణం, అక్కడ పనిచేసే స్నేహలత కంప్యూటర్లో చేసిపెట్టిన ఆ రెండు బటన్లే. ఫొటోలో కళ్ళు మూసుకుపోయిన మనిషికి కళ్ళు తెరిపిస్తాయవి. పెళ్ళి ఫొటోలో సరిగ్గా ఫ్లాష్ వెలిగినప్పుడే రెప్ప వాల్చే మహానుభావుల కోసం ఒకటి. దాని పేరు కళ్యాణం. బతికున్నన్నాళ్ళూ ఒక్క ఫొటో దిగకుండా వెళ్ళిపోయిన వాళ్ళకి రెండోది. పాడె మీద తీసిన ఫొటోకి కళ్ళు తెరిపించి, పెద్దకర్మ ఫ్లెక్సీకి పనికొచ్చేలా చేస్తుంది. దాని పేరు కైలాసం. పేర్లు బంగార్రాజు పెట్టినవే. “మా చర్చివాళ్ళొస్తే పరలోకం అని మూడోది పెడతారాండీ?” అని స్నేహలత అప్పుడే అడిగింది.

చూడబోతే రెండూ చేసే పని ఒక్కటే. తేడా అల్లా, కళ్యాణం కళ్ళతోపాటు పెదాల చివర కాస్త నవ్వు కూడా పెడుతుంది. కైలాసం కళ్ళు తెరిపించి ఊరుకుంటుంది.

“నల్లజర్ల పెళ్ళికొడుక్కి కైలాసం నొక్కావా లేదా?” అన్నాడు బంగార్రాజు.

“నొక్కింది మీరండి.”

“ఎవరు నొక్కితేనేం. రిసెప్షన్ ఫ్లెక్సీ చూసి, దారినపోయే లారీ డ్రైవరు దిగి, చెప్పులు విడిచి, దణ్ణం పెట్టుకుని మరీ వెళ్ళాడు. వెనకాలొచ్చినవాడు దండేశాడు. భోజనాలు ఎన్నో రోజునండీ అని పెళ్ళికూతురి మేనమామనే అడిగారు.”

“మొన్న చెప్పినప్పుడు దండ లేదండి.”

“మొన్న టైము లేదు. మరి దెందులూరు ముసలాయనకి కళ్యాణం పడింది. ఫ్లెక్సీ నిండా నవ్వే. నాతో కాపురం చేసినన్నాళ్ళూ నవ్వని మనిషి, పోయాక ఎవత్తిని చూసి నవ్వుతున్నాడని వాళ్ళావిడ దాన్ని నిలువునా చింపేసింది. అందుకే రెండూ కలిపెయ్. ఒక్క బటనే ఉంటే తప్పు నొక్కేదెవడు?”

“కలిపితే నవ్వు ఉంచాలా, తీసెయ్యాలాండీ?”

బంగార్రాజు కిటికీలోంచి టీ గ్లాసు అందుకున్నాడు. అంతలో గుమ్మంలో ఒకమ్మాయి వచ్చి నిలబడటంతో గట్టెక్కాడు.

కొల్లేరు లంక నుంచి వచ్చిందట. పేరు నాగదుర్గ. నిలబడలేక గోడ పట్టుకుని, ఫోను అతని చేతికిచ్చింది. ఫొటోలో తెల్ల తువ్వాల్లో చుట్టిన పసిగుడ్డు, కళ్ళు మూసుకుని ఉన్నాడు.

“మా బాబండి. ఆసుపత్రిలో ఆయా తీసింది. మీరు కళ్ళు తెరిపిస్తారని చెప్పారు.”

“పచ్చి బాలింతవి. చెవుల్లో దూదైనా లేకుండా బస్సెక్కి వచ్చేశావా? ఇంట్లో ఎవరూ వద్దనలేదూ?”

“ఎవరూ ఏమీ అనటం లేదండి.”

“కూర్చో తల్లీ. వాణ్ణి కూడా తెస్తే నేనే తీసేవాణ్ణిగా.”

“తేలేనండి.”

“అదీ నిజమే, ఎండ మండిపోతోంది. రాత్రిళ్ళు నిద్రపోనిస్తున్నాడా?”

“అలికిడే లేదండి.”

“అదృష్టవంతురాలివి. మా పెద్దాడు ఏడిస్తే తాడేపల్లిగూడెం స్టేషన్లో రైలొచ్చిందని జనం లేచి నిలబడేవారు.”

నాగదుర్గ నవ్వలేదు. బాలింత నీరసం అనుకున్నాడు బంగార్రాజు.

“మా ఆయన చేపల లారీ మీద హౌరా వెళ్ళారండి,” అంది ఆమె. “ఈ సాయంత్రం దిగుతారు. కళ్ళు ఎవరి పోలికో చూసి చెప్పమన్నారు.”

“చూసి చెప్పలేకపోయావా?”

“తెరిస్తే కదండీ. ఆయనొచ్చేసరికి ఫొటో చేతిలో పెట్టాలి. ఇంకేమీ అక్కర్లేదండి నాకు.”

స్నేహలత ఫొటోని కంప్యూటర్లోకి ఎక్కించి పెద్దది చేసింది. “పెదాలు నల్లగా ఉన్నాయండి.”

“సెల్లు ఫొటో అంతేనమ్మా. రంగు నువ్వు సర్దు. కళ్ళు ఎవరివి పెట్టమంటావు తల్లీ? అమ్మవా, అయ్యవా? ఈ కంప్యూటరుకి ఎవరో ఒకరివి చూపించాలి.”

నాగదుర్గ ఫోనులో మొగుడి ఫొటో వెతికి చూపించింది. “ఆయనవే పెట్టండి.”

“నీకేమీ ఉంచుకోవా?”

ఆమె తల అడ్డంగా ఊపింది.

స్నేహలత కళ్యాణం నొక్కింది. తువ్వాల్లో పిల్లాడు కళ్ళు తెరిచాడు. నల్లటి, గుండ్రటి కళ్ళు. బుగ్గలు కాస్త పైకి లేచాయి, పెదాల చివర నవ్వు మొలిచింది.

“అయ్య లారీ దిగేసరికి ఎదురెళ్ళి సంచీ అందుకునేలా ఉన్నాడు వెధవ,” అన్నాడు బంగార్రాజు మురిసిపోతూ. “పెళ్ళికి ఫొటోలు నేనే తీస్తాను. ఇప్పుడే చెప్తున్నా, ఇంకెవరికీ మాటివ్వకు.”

నాగదుర్గ కుర్చీలోంచి లేచి తెర దగ్గరికి వెళ్ళింది. ఆ కళ్ళని చాలాసేపు చూసింది. తర్వాత పెదాల మీద వేలు పెట్టింది.

“ఈ నవ్వు వద్దండి.”

“దిష్టి తగుల్తుందనా? చూడు తల్లీ, మా దగ్గర నవ్వు లేనిది కైలాసం. అది పోయినవాళ్ళది. పసివాళ్ళ మీద నొక్కేది కాదు. అసలు దాన్ని ఉంచాలా, దీంతో కలిపెయ్యాలా అని పొద్దుట్నుంచీ మా ఇద్దరికీ ఇదే గొడవ. అడగటానికి మంచిదానివి దొరికావు. నువ్వే తీర్పు చెప్పు. కలిపెయ్యమంటావా?”

స్నేహలత మౌసు మీంచి చెయ్యి తీసేసింది.

“కలపకండి బాబుగారూ, మావాడికి రెండోది కావాలి.”