సుల్తాన్ చదువు

"ఉష్! చప్పుడు చెయ్యకు మాసమ్మా, సుల్తాన్ కూసున్నడు" అంది దమయంతి, బాత్రూం తలుపు సందులోంచి ఫోన్‌తో వీడియో తీస్తూ.

పనిమనిషి మాసమ్మ చీపురుతోనే వచ్చి తొంగిచూసింది. కమోడ్ అంచు మీద నాలుగు కాళ్ళూ దగ్గరగా పెట్టి, కళ్ళు సగం మూసి, పిల్లి మహా గంభీరంగా కూర్చుని ఉంది.

"అబ్బ, అచ్చం మన సార్ లెక్కనే కూసున్నడమ్మా!"

"పేపరొక్కటే తక్కువ."

హాల్లో దమయంతి భర్త విద్యాసాగర్ గట్టిగా దగ్గాడు.

"ఎంత పరేషాన్ చేసిండనుకున్నవ్!" అంది దమయంతి. " ఇసుక తట్టను రోజింత జరుపుకుంట జరుపుకుంట కమోడ్ దాక తెచ్చిన. ఇంట్ల మనిషి లెక్క పెంచుకున్నం, బయటికెట్ల పంపుత? అశోక్‌నగర్ కుక్కలు ఊకుంటయా?"

"ఊకోవమ్మా. నా ఎంట గూడ పడ్తయి."

ఆ బాత్రూం రోజూ కడిగేది మాసమ్మే. దాన్ని వాడడానికి మాత్రం ఆమెకు అనుమతి లేదు. ఆ ఇంట్లో మొదటి నుంచీ పనివాళ్ళకు అదే రూలు. అవసరమొస్తే నారాయణగూడ మార్కెట్ దగ్గరి పబ్లిక్ టాయిలెట్ దాకా నడవాల్సిందే.

దమయంతి ఫోన్‌ను పిల్లి వైపు ఇంకాస్త జరిపింది.

సుల్తాన్ పని ముగించి కిందికి దూకి, తోక లేపుకుని ఇద్దరి మధ్య నుంచి దర్జాగా వెళ్ళిపోయాడు.

"అన్ని నేర్చిండు" అంది దమయంతి మురిసిపోతూ. "ఒక్క ఫ్లష్ కొట్టుడే రాదు."

మాసమ్మ చీపురు తీసి ఆమె చేతిలో పెట్టింది.

"నాకు అది గూడ వస్తదమ్మా" అని లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది.