తెల్లగుడ్డ కట్టిన గెడ

“నా ఇల్లు ఖాళీ చేయించడానికేగా వచ్చావు?”

పడవలో వచ్చిన మనిషిని కస్మిరా వాకిట్లో అడుగు పెట్టనివ్వలేదు.

వాకిలంటే నాలుగు చెక్కలే. చుట్టూ నీళ్లు. జావా ఉత్తర తీరాన ఆ ఊరు ఏటా కొంత కుంగుతూ సముద్రం పాలైంది. అందరూ మూటాముల్లె సర్దుకున్నారు. ఆమె ఒక్కతే మిగిలింది.

“కాదు పెద్దమ్మా. నా పేరు విబోవో. గొట్టం దించి అడుగు మట్టి తీస్తాను. ఇక్కడ ఏరు ఎప్పుడు పారిందో, సముద్రం ఎప్పుడొచ్చిందో ఆ పొరలే చెబుతాయి.”

“సముద్రం వచ్చిందని చెప్పడానికి గొట్టమెందుకు నాయనా? నా గడప చూడు, చాలు!”

అతను నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది.

“అంత చదివినవాడివి, మా ఆయన సమాధి ఎక్కడుందో చెప్పమని ఆ బురదనే అడుగు. ఊరి సమాధుల్లో చోటు చాలక ఏటిగట్టున ఒక్కణ్ణే పెట్టారు. ఇప్పుడు ఏరూ లేదు, గట్టూ లేదు. ఉపవాసాల నెల ముందు అందరూ తమవాళ్ల మీద పూలు చల్లుకుంటారు. నేను ఉత్త నీళ్లలో పోసి వస్తున్నా.”

కస్మిరా లోపలికి వెళ్లింది. తలుపు వేసుకుంది.

తర్వాత అతను చాలా రోజులు వచ్చాడు. గొట్టం దించడం, తీయడం, దగ్గడం. ఆమె కిటికీలోంచి చూసేది. మాట్లాడే మనిషి కోసం ప్రాణం కొట్టుకుపోయేది. అయినా పిలిచి ఇన్ని టీ నీళ్లు ఇవ్వలేదు. పంతం.

చివరి రోజు అతను నీళ్లలో వెదురు గెడ పాతి, దానికి తెల్లగుడ్డ కట్టాడు.

“పెద్దమ్మా, దీన్ని కదపకండి! మట్టి మరోసారి సరిచూసుకుని, వచ్చి చెబుతాను.”

పక్క ఊళ్లోనూ మొదట ఇలాంటి గెడలే పాతారు. ఆ తర్వాతే ఇళ్లు పీకారు. పడవ కనుమరుగు కాగానే ఆమె తెప్ప వేసుకెళ్లి గెడ పీకేసింది. ముక్కలు చేసి పొయ్యిలో పెట్టింది.

వానలు వచ్చాయి, పోయాయి. పూలు చల్లే రోజున, పక్క ఊళ్లో పడవ నడిపే తర్జో వచ్చాడు.

“అత్తా, గెడ కనబడదేం?”

“ఏ గెడ?”

“విబోవో పాతింది. ఈ రోజున నిన్ను అక్కడికి తీసుకెళ్లమని నాకు చెప్పి పెట్టాడు.”

“తనే రాకూడదా?”

“ఇంకెక్కడి మనిషత్తా! ఆ దగ్గుతోనే పోయాడు.”

కస్మిరా పొయ్యి వైపు చూసింది.

“అక్కడేముందిరా?”

“ముందు ఏటి ఇసుక జాడ పట్టుకుని పాత గట్టు ఎక్కడో తేల్చాడట. అంతటా మట్టి పొరలు వరుసగానే ఉన్నాయట. గట్టు పక్కన ఒక్కచోట మాత్రం పై మట్టీ కింది మట్టీ కలిసిపోయాయట. మనిషి తవ్వి పూడ్చిన చోటే అలా ఉంటుందన్నాడు.”

ఆమె పూలబుట్ట గుండెకు హత్తుకుని చూసింది. ఎటు చూసినా ఒకటే నీళ్లు.

ఇల్లు పీకడానికొచ్చాడనుకున్నవాడు ఆమె మొగుణ్ణి వెతికిపెట్టి పోయాడు; ఆ గుర్తునే కాల్చి ఆమె ఏనాడో ఒక పూట అన్నం వండుకుంది.