రేవుకు పడ్డ తాళం

టెర్మినల్ ఆఫీసులోని కంప్యూటర్లన్నింటి మీదా ఒకటే ఎర్ర ప్రకటన. "మీ సమాచారానికి తాళం వేశాం. యాభై లక్షల యూరోలు పంపితే తీస్తాం." కింద జవాబు రాయడానికి చిన్న గడి.

గోథెన్‌బర్గ్ రేవులో ఓడల సరుకు దించి ఎక్కించే ఆ టెర్మినల్‌ని నడిపేది గునిల్లా. యుద్ధంతో సముద్రదారులు సగం మూసుకుపోయాక, ఎక్కడెక్కడి సరుకూ అక్కడికే చేరుతోంది. వేల కంటైనర్లలో ఏది ఎక్కడుందో, ఏ ఓడ ఎక్కాలో తెలిసేది ఆ కంప్యూటర్లకే. ఇప్పుడు క్రేన్లు ఆగిపోయాయి. బయట ఓడలు బారులు తీరాయి.

స్టాక్‌హోమ్ నుంచి కంపెనీ యజమాని టూర్‌బ్యోర్న్ ఫోన్ చేశాడు. ఊళ్లలో దుకాణాలు ఖాళీ అవుతున్నాయని, మంత్రులు తన పీక మీద కూర్చున్నారని, ఆ డబ్బేదో ఆ దొంగల మొహాన కొట్టి పీడ వదిలించుకోమని చెప్పాడు.

"ఇవాళ మనం ఇస్తే రేపు ఇంకో రేవు మీద పడతారు. నా చేత్తో ఇవ్వను," అంది గునిల్లా.

"నీ ఉద్యోగం పోతుంది."

"పోనీ. నా కుర్చీలోకి వచ్చేవాళ్లతో ఇప్పించుకో."

ఫోన్ పెట్టేసి కంటైనర్లు పేర్చిన యార్డులోకి దిగింది. క్రేన్లను చేత్తో నడపగల పాతవాళ్లు క్యాబిన్లు ఎక్కారు. మిగిలినవాళ్లు కంటైనర్లు ఒక్కొక్కటే తెరిచి, లోపలేముందో తలుపు మీద సుద్దతో రాయసాగారు. వాన వచ్చి రాసింది చెరిపేస్తే మళ్లీ రాశారు.

"ఈ లెక్కన మనం క్రిస్మస్ ఇక్కడే చేసుకుంటాం," అన్నాడు క్రేన్ డ్రైవర్ రాగ్నార్.

"చేసుకుందాం. వంట నీదే," అంది గునిల్లా.

సాయంత్రానికి దొంగలు ధర రెట్టింపు చేశారు. ఒక్క యూరో కూడా రాలదని గునిల్లా గడిలో రాసింది. రేవును శాశ్వతంగా పాతిపెడతామని వాళ్లు బెదిరించారు. పలుగూ పారా తెచ్చుకోమని రాసి, మళ్లీ యార్డులోకి వెళ్లిపోయింది.

రెండు రోజులు అటునుంచి చడీచప్పుడూ లేదు. మూడో రోజు పొద్దున్న అదే గడిలో వచ్చిన సందేశంలో డబ్బు ఊసే లేదు.

"మా ఊరికి రావాల్సిన ఇన్సులిన్ కంటైనర్ మీ దగ్గరే ఆగిపోయిందట. ఆసుపత్రిలో నిల్వ అయిపోయింది. మా పాప దాని మీదే బతుకుతోంది. దయచేసి ముందు దాన్ని పంపండి. అదెక్కడుంది?"

గునిల్లా రెండుసార్లు చదివింది. రాగ్నార్‌ని పిలిచి, ముందు మందుల పెట్టె కోసం వెతకమని మనుషులను పంపింది. కిటికీలోంచి చూస్తే, కొండల్లా పేర్చిన కంటైనర్లు కనుచూపుమేరా ఉన్నాయి.

అప్పుడు జవాబు రాసింది.

"ఎక్కడుందో నువ్వు తాళం వేసిన కంప్యూటర్లకే తెలుసు. తాళం తియ్యి, చెబుతాం."