టైగర్‌ను అమ్మేది లేదు

"రాకెట్! డీజిల్! లెమన్! ఓ పోలీసు, ఎటు పోతున్నవే? ఇటు రా!"

బిక్షమ్మ పిలుస్తుంటే మేకలు ఒకదాని వెనక ఒకటి కొట్టంలోకి వచ్చి, దేని గుంజ దగ్గర అది నిలబడ్డాయి. బక్రీద్ బేరానికి షాద్‌నగర్ నుంచి వచ్చిన అహ్మద్ అలీకి నవ్వు ఆగలేదు.

"గివేం పేర్లవ్వా?"

"నా కొడుకు పెట్టిండు. రెండేండ్ల కింద సెలవు మీద వచ్చినప్పుడు."

ఊరంతా నవ్విన పేర్లే అవి. పరాయి దేశంలో పనిచేసే నరేష్ నెల రోజుల సెలవుకు వచ్చి, పెళ్లాన్ని ఒక్క సినిమాకైనా తీసుకుపోకుండా, సగం రోజులు మేకల కొట్టంలో తల్లి పక్కనే కూర్చున్నాడు. ఆ కోపం కోడలు మనీషకు ఇంకా తగ్గలేదు. తగ్గాల్సిన పని కూడా లేదు.

సాయం చేద్దామని అలీ డీజిల్ తాడు పట్టుకొని, తన దగ్గర్లో ఉన్న గుంజకు లాగి కట్టాడు.

"ఆడ గాదు! అది పోలీసు జాగ. డీజిల్‌ది రెండో గుంజ."

"ఏ గుంజయితే ఏంది అవ్వా?"

"నీకేం లేదు. నాకున్నది."

బిక్షమ్మ ముడి విప్పి మళ్లీ తన చేత్తో కట్టుకుంది. అక్షరం ముక్క రాకపోయినా ఆమెకు తన పద్ధతి మీద కొండంత నమ్మకం. పోయిన ఏడు పాత లెమన్ పాము కరిచి చనిపోతే, కళ్లు తుడుచుకుంటూనే దాని పిల్లను అదే గుంజకు కట్టి అదే పేరు పెట్టింది.

"సరే, అసలు ముచ్చటకొస్త," అన్నాడు అలీ. "గా టైగర్ అని పిలుస్తున్న పోతుకు ఇరవై అయిదు వేలిస్త. దాని పక్కన రెండు గూడ ఇస్తె మొత్తం యాభై. ఇప్పుడే చేతిల పెడ్త."

"టైగర్‌ను అమ్మేది లేదు."

"ఇచ్చెయ్యి అత్తమ్మా!" అంటూ ఇంట్లోంచి మనీష వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి. "అన్నా, నువ్వన్న చెప్పు. ఆయన ఆడ చిక్కుకపోయిండు. బ్యాంకులకు తాళాలేసిన్రు, కంపెనీ మూసిన్రు. తిరిగొచ్చెటందుకు విమానం టికెట్‌కు పైసల్లేవు."

"ఇన్నేండ్లు సంపాయించింది ఏమాయె చెల్లె?"

"ఆ దేశం నోటుకు విలువ లేకుంట పోతుంటె, జీతమంత ఫోన్ల ఉండే కాయిన్లల్లకు మార్చుకున్నడు. పోయిన వారం దొంగలు ఫోనున్న సంచి గుంజుకపోయిన్రు. గా పైసలకు బ్యాంకు లేదు, మేనేజరు లేడు. పన్నెండు మాటలు వరుస తప్పకుంట కొడితెనే కొత్త ఫోన్ల తెరుసుకుంటదట. అవి రాసుకున్న డైరీ గూడ సంచితోనే పోయింది. మీసేవ శివకుమార్‌ను అడిగిన. వేలిముద్ర పనికి రాదట, ఆధార్ పనికి రాదట. మాటలు పోతె పైసలు పోయినట్టేనట."

"కండ్లకు కనబడని పైసలు మనకెందుకురా అని నేను ఆ పొద్దే మొత్తుకున్న," అంది బిక్షమ్మ.

"కండ్లకు కనబడేటియి ఇప్పుడు కొట్టంల ఉన్నయి గద! మూడు అమ్మితె ఆయన ఇంటికొస్తడు."

"పేరు పెట్టని పిల్లలున్నయి. పట్టుకపోయి అమ్ము. పేరున్నయి ఒక్కటి గూడ ఇయ్య."

"పిల్లలకు పదివేలు గూడ రావు! నీకు కొడుకు ఎక్కువనా, మేకలెక్కువనా?"

అలీ తల దించుకున్నాడు. అడగాల్సిన మాటే అడిగిందని అతనికీ అనిపించింది. బిక్షమ్మ మాత్రం చెక్కుచెదరలేదు.

"వాడొస్తడు. ఫికర్ జెయ్యకు. ఒక్కసారి వాడితోని నన్ను మాట్లాడనియ్యి."

"ఏం మాట్లాడ్తవు? మొన్న ఎవరిదో ఫోన్ అడుక్కొని చేసిండు. రెండు మాటలు చెప్పి, అమ్మ ఉన్నదా అన్నడు. మేకలతోని గుట్ట మీద ఉన్నదంటె పెట్టేసిండు. నేనెట్లున్ననో గూడ అడగలె!"

ఇక మనీష ఊరుకోలేదు. కొట్టంలోకి పోయి టైగర్ తాడు విప్పింది. బిక్షమ్మ రెండు చేతులూ చాచి తలుపుకు అడ్డంగా నిలబడింది. అత్తాకోడళ్ల మధ్య బిత్తరపోయి టైగర్ ఒకటే అరుపు. అంతలో మనీష కొంగున ఉన్న ఫోన్ మోగింది.

కొత్త నంబరు. నరేష్!

"ఎట్లున్నవయ్యా? తిన్నవా?" మనీష గబగబా అడిగింది.

"మంచిగున్న. ఇది దోస్తు ఫోను, బ్యాటరీ అయిపోతాంది. అమ్మ ఉన్నదా? స్పీకర్ పెట్టు."

మనీష పెదవి కొరుక్కుంటూ స్పీకర్ నొక్కి అత్త ముందు పెట్టింది.

"అమ్మా, మేకలు అన్నీ ఉన్నయా?"

"ఉన్నయి బిడ్డా. ఒక్కటి గూడ పోలె. ఎక్కడియక్కడనే ఉన్నయి."

అవతల పెద్ద నిట్టూర్పు వినిపించింది. "జర ఒక్కసారి పిలువే. మొదటి గుంజకెల్లి, నిమ్మలంగ. ఇనాలని ఉన్నది."

"పరదేశంల ఉన్నోనికి ఇంటి మీద గట్లనే మనసైతది," అంటూ అలీ కళ్లు ఒత్తుకున్నాడు. మనీష అలిగి మొహం పక్కకు తిప్పుకుంది. పెళ్లాం కంటే మేకలు ఎక్కువైన మొగుడికి ఆమె ఏం చెప్పగలదు?

బిక్షమ్మ కోడలి చేతిలోని తాడు తీసుకొని టైగర్‌ను దాని గుంజకు కట్టేసింది. వరుస మొదటికి పోయి, ఒక్కో మేక తల మీద చెయ్యి పెడుతూ, ఆగి ఆగి గట్టిగా పిలిచింది.

"రాకెట్... డీజిల్... లెమన్... పోలీస్... రేడియో... టైగర్..."

చివరి గుంజ దాకా వచ్చి, నల్ల మేకను నిమిరి, "అంకుల్" అని ఆగింది.

అవతల నరేష్ పన్నెండో పేరు కూడా కాగితం మీద రాసుకున్నాడు.